ఉచిత వీసా

(ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



శంకరన్ గారి గురించి ఈ హాల్లో కూర్చున్న పెద్దలకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పద్మభూషణ్ వద్దన్న సంగతి, తన సంపాదన దళిత పిల్లల చదువులకు పెట్టిన సంగతి, సఫాయి కర్మచారుల కోసం చివరిదాకా తిరిగిన సంగతి మీకందరికీ తెలుసు. నాకు మాత్రం ఆయన పేరు వినగానే ముందు గుర్తొచ్చేది ఒక పని. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. చట్టాలు వస్తుంటాయి, గెజెట్‌లో అచ్చవుతుంటాయి. సాంఘిక సంక్షేమ శాఖ చూస్తున్న శంకరన్ గారు ఆ చట్టాన్ని పల్లెల దాకా మోసుకెళ్లారు. జీతగాళ్లతో, మీ మీదున్న బాకీ ఈ చట్టంతో పోయింది, ఇక మీరు ఎవరికీ రుణపడి లేరు అని చెప్పారు. పెద్ద అధికారి నోట ఆ మాట వినడం జీతగాళ్లకు నమ్మశక్యం కాలేదు. భూస్వాములకు ఒళ్లు మండింది. పైనున్నవాళ్లకూ రుచించలేదు. ఆయన మాత్రం మాట మార్చలేదు.

ఆడవాళ్ల అక్రమ రవాణా విషయంలో సరిగ్గా ఆ మాటే మళ్లీ చెప్పాల్సి వస్తోందని నా నమ్మకం. ఈ అంశం ఎంచుకున్నది అందుకే.

పేదరికం వల్ల ఆడవాళ్లు అమ్ముడుపోతున్నారని ప్రతి సెమినార్‌లో వింటాం. కాదనలేం. కానీ అంతమాత్రం చెప్పి ఊరుకుంటే తప్పు ఎవరిదీ కాకుండా పోతుంది, వాన పడకపోవడంలాగా దానికీ బాధ్యుడంటూ ఎవడూ ఉండడు. పేదరికం లేని జిల్లా మనకు లేదు. అయినా ఆడవాళ్లు మాయమయ్యే ఊళ్లు కొన్నే ఉన్నాయి. ఒకే వీధిలో పక్కపక్కన రెండు బీద ఇళ్లుంటే ఒక ఇంట్లోంచే మనిషి పోతుంది. వకీలుగా ఇన్నేళ్లూ ఇలాంటి ఇళ్లకు తిరిగి, ఆ ఇంటికీ ఈ ఇంటికీ తేడా ఎక్కడుందని వెతికాను. పోయిన ఇంట్లో ఈ మధ్యే తట్టుకోలేని ఖర్చొకటి వచ్చిపడి ఉంటుంది. మొగుడికి యాక్సిడెంటో, ఆడబిడ్డ పెళ్లో, నీళ్లు పడని నాలుగో బోరో. దానికి తెచ్చిన అప్పు బ్యాంకులో తెచ్చింది కాదు, ఊళ్లో ఒక మనిషి దగ్గర తెచ్చింది. ఆ మనిషికి గాని, అతని బావమరిదికి గాని ఊరు దాటించే దారి తెలుసు. అప్పూ దారీ ఒకే చేతిలో ఉన్నచోట ఇంటి ఆడమనిషికి వెల కట్టబడుతుంది.

ఒక ఇల్లు చూపిస్తాను. రాయచోటి వైపు పల్లె. ఆమె పేరూ ఊరి పేరూ చెప్పను. కువైట్ నుంచి తిరిగొచ్చి ఎన్నో రోజులు కాలేదు. మంచం మీద ఒక ప్లాస్టిక్ కవర్ బోర్లించి కాగితాలన్నీ పరిచింది. పాస్‌పోర్ట్ జిరాక్స్ ఒకటి. ఆధార్ ప్రింట్లు రెండు, పాతదీ కొత్తదీ. పాతదాని ప్రకారం వెళ్లేనాటికి ఆమె వయసు ఇరవై ఆరు, కొత్తదాని ప్రకారం ముప్పై రెండు. మొగుడి కాలికి రాడ్డు వేసిన ఆస్పత్రి బిల్లు. కొడుకు స్కూలు ఫీజు రసీదు. అన్నిటికీ అడుగున మడత పెట్టిన ప్రామిసరీ నోటు నకలు. యాభై వేలు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, రెవెన్యూ స్టాంపు మీద ఆమె మొగుడి వేలిముద్ర.

వీసాకు ఎంతయిందమ్మా అని అడిగాను.

"నాకేం కాలేదు మేడమ్. మా ఆయన పోవాలంటే లక్షన్నర కట్టాల. ఆడోళ్లకైతే ఫ్రీ. పైగా వాళ్లే ఎదురిచ్చినారు."

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. మగవాడు గల్ఫ్‌కు పోవాలంటే ఏజెంటుకు డబ్బు కట్టాలి. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్ పోయినవాళ్ల కష్టాలు చాలామటుకు ఆ అప్పుతోనే మొదలవుతాయి. ఇంటిపని వీసా లెక్క వేరు. అక్కడ ఇంట్లో మనిషి కావాలనుకున్న కుటుంబం మక్తబ్‌లో డబ్బు కడుతుంది. పనివాళ్లను కుదిర్చే ఆఫీసును మనవాళ్లు మక్తబ్ అనే అంటారు. టికెట్టూ, ఇక్కడి ఏజెంటు కమీషనూ, ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు కమీషనూ అన్నీ ఆ డబ్బులోంచే. అందుకే ఆమెను ఎవరూ రూపాయి అడగరు. లక్షన్నర అప్పు పుట్టించగల ఇల్లు మగవాణ్ణి పంపుతుంది. అదీ పుట్టని ఇల్లు ఆడమనిషిని పంపుతుంది. పాత కడప జిల్లాలోనూ, గోదావరి జిల్లాల్లోనూ పేదరికం పనిచేసే తీరు ఇది. ఇంట్లో ఎవరు పోవాలో అదే తేలుస్తుంది.

డబ్బు కట్టినవాడు తాను కొన్నానే అనుకుంటాడు. నన్ను ఇంటికి పంపించండి బాబా అని ఆమె ఏడిస్తే, నీకోసం ఇన్ని దినార్లు పోశాను, అవి ఇచ్చి పో అంటాడు. ఈ జవాబు విన్నామని నాతో చెప్పిన ఆడవాళ్లు ఒకరిద్దరు కాదు. 2016లో ప్రవాసుల సంక్షేమం చూసే ఆంధ్రప్రదేశ్ మంత్రి ఈ విషయమై కేంద్రానికి లేఖ రాశారు. మన ఆడవాళ్లను అక్కడ దుకాణాల్లో సరుకులా అమ్ముతున్నారని ఆయన బాహాటంగానే అన్నారు. అప్పుడు అందరం ఉలిక్కిపడ్డాం. వెలకట్టడం మాత్రం ఇక్కడే, మన ఊళ్లోనే, ఆ నోటు మీద స్టాంపు అంటించినప్పుడే మొదలైంది.

ఒక విషయం ఇక్కడే చెప్పేస్తాను. కువైట్ పోయిన ప్రతి ఆడమనిషీ మోసపోయిందని నేననను. కడప, రాజంపేట, రాయచోటి పల్లెల్లో ఆడవాళ్ల దినార్లతో లేచిన మిద్దెలు ఎన్నో ఉన్నాయి, ఇంజనీరింగ్ చదివిన పిల్లలున్నారు. మంచి ఇంట్లో పడి, ఆ ఇంటి పిల్లల్ని చేతుల మీద పెంచి, వాళ్ల పెళ్లిళ్లు చూసి తిరిగొచ్చిన అక్కలున్నారు. 1990 యుద్ధంలో కట్టుబట్టలతో తిరిగొచ్చి, యుద్ధం ముగియగానే మళ్లీ బయల్దేరినవాళ్లున్నారు. వాళ్ల ధైర్యాన్ని తక్కువ చేసే హక్కు మనకెవరికీ లేదు. కానీ మంచి ఇల్లు దొరకడం అదృష్టం మీద ఆధారపడితే దాన్ని ఉద్యోగం అనలేం.

మన రాయచోటి ఆమెకు ఆ అదృష్టం లేదు. ఇంటిపని వీసా వస్తుందని చెప్పి విజిట్ వీసా మీద ముందు వేరే దేశానికి పంపారు. అక్కడో గదిలో పదిమంది ఆడవాళ్ల మధ్య కొన్నాళ్లు. ఆ తర్వాత కువైట్. దిగగానే పాస్‌పోర్ట్ తీసుకున్నారు. మూడంతస్తుల ఇల్లు, తెల్లారుజామున లేస్తే అర్ధరాత్రి దాటాకే నడుము వాల్చడం. శుక్రవారం బంధువులు దిగితే అదీ లేదు. ఫోన్ మామా దగ్గర, అంటే ఇంటి యజమానురాలి దగ్గర ఉంటుంది, వారానికోసారి కాసేపు చేతికిస్తుంది. రెండు నెలలు జీతం వచ్చింది, తర్వాత ఆగింది. ఇంట్లో పెద్దకొడుకు రాత్రిపూట తలుపు తట్టడం మొదలుపెట్టాక ఆమె వంటగదిలో ఫ్రిజ్ తలుపుకు అడ్డంపెట్టి పడుకుంది. మామాకు చెబితే మక్తబ్‌కు తీసుకెళ్లి వదిలేసింది. మక్తబ్‌లో కొట్టారు, వేరే ఇంటికి పంపారు. అక్కడినుంచి ఒక రాత్రి చెత్తసంచీ పడేయడానికన్నట్టు బయటికొచ్చి, మళ్లీ వెనక్కి పోలేదు.

కువైట్‌లో చట్టం లేదనుకోకండి. 2015లో 68వ నంబరు చట్టం తెచ్చారు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవివ్వాలి, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో సెలవివ్వాలి, పాస్‌పోర్ట్ లాక్కోకూడదు అని అందులో ఉంది. ఆ మరుసటి ఏడు కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. కాగితం మీద మన దేశంలోని ఇంటిపనివాళ్లకున్న రక్షణ కంటే అది నయమే. కానీ ఆమె అకామా, అంటే అక్కడ ఉండేందుకు అనుమతి, కఫీల్ అనే ఆ యజమాని పేరు మీద ఉంటుంది. చెప్పకుండా గడప దాటితే పారిపోయిందని కేసు పెట్టవచ్చు. ఆ క్షణం నుంచి ఆమె నేరస్థురాలు. జీతం ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారు.

అలా బయటపడ్డవాళ్లను ఖల్లివల్లి అంటారు. మన రాయబార కార్యాలయం ఆశ్రయం దాకా చేరినవాళ్లు కొంత నయం. చేరలేనివాళ్లు అబ్బాసియా లాంటి చోట్ల, మనవాళ్లే కిక్కిరిసి ఉండే గదుల్లో తలదాచుకుంటారు. పని ఇప్పిస్తానని వచ్చేవాళ్లలో మన భాష మాట్లాడేవాళ్లే ఎక్కువ. కాగితాల్లేని ఆడమనిషి పోలీసుల దగ్గరికి పోలేదని వాళ్లకు తెలుసు. ఇంటిపనికని పోయిన మనిషి ఒంటిని అమ్ముకునే స్థితికి నెట్టబడేది ఎక్కువగా ఇక్కడే. ప్రభుత్వం ఎప్పుడో ఒకప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తుంది, 2018లో, 2020లో, 2024లో ప్రకటించినట్టు. అప్పటిదాకా ఎదురుచూడాలి.

మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కూడా అనను. పదో తరగతి పాసవని ఆడవాళ్లు గల్ఫ్ ఇళ్లలో పనికి పోవాలంటే ముప్పై ఏళ్లు నిండాలన్నారు. యజమాని 2500 డాలర్ల బ్యాంకు పూచీ పెట్టాలన్నారు, కువైట్ ఒప్పుకోకపోవడంతో 2017లో ఆ దేశం వరకు ఎత్తేశారు. 2016లో, ఇలాంటివాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలన్నారు. మనకు ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి. 2021లో ఇంటిపనివాళ్ల మీద కువైట్‌తో ఒప్పందం కూడా కుదిరింది. ప్రతి నిబంధన వెనకా మంచి ఉద్దేశం ఉంది. ఇంట్లో అప్పు మాత్రం అలాగే ఉంది. ముందు తలుపు మూస్తే అప్పు దొడ్డిదారి వెతికింది. ముప్పై ఏళ్ల నిబంధన పెడితే ఆధార్‌లో పుట్టినతేదీ మారింది. ఇమిగ్రేషన్ అడ్డుపడితే విజిట్ వీసా వచ్చింది, ఎయిర్‌పోర్టులో ఫలానా కౌంటర్‌కే పొమ్మని చెప్పి దాటించే పుషింగ్ వచ్చింది. రేపు ఆమె మోసపోయి స్టేషన్‌కు వస్తే, ముందు నువ్వెందుకు వయసు తప్పు రాయించావని ఆమెనే నిలదీస్తారు. ఆమెను కాపాడటానికి పెట్టిన నిబంధన ఆమె నోరు మూయించడానికి పనికొచ్చింది. ఆడవాళ్ల ప్రయాణాన్ని ఆపే ఏ నిబంధననూ నేను సమర్థించను. అది ఏజెంటు ధరను పెంచుతుంది తప్ప ఇంకేమీ చేయదు.

గల్ఫ్ సంగతి పక్కనపెట్టి కదిరి వైపు వద్దాం. కదిరి, తనకల్లు, తలుపుల, నల్లమాడ. వేరుశనగ పంట మీద బతికే నేల. వరసగా పంట పోయిన ఏళ్లలో ఇక్కడి ఆడవాళ్లను పుణె, ముంబై, భివండీ, ఢిల్లీ వేశ్యావాటికలకు తరలించిన కథ దశాబ్దాల నాటిది. మొగుడు వదిలేసిన ఆడది, అప్పు పెట్టి చనిపోయిన రైతు భార్య, తల్లి లేని పిల్ల. ఇళ్లలో పని ఇప్పిస్తామని తీసుకెళ్తారు. అక్కడ దించాక ఆ ఇల్లు నడిపే ఘర్‌వాలీ చెప్పే మొదటి మాట, నీకోసం ఇంత ఇచ్చాను అన్నదే. ఆ మొత్తం ఆమె ఖాతాలో రాస్తారు. తిండి, బట్ట, మందు, గది అద్దె, పోలీసు మామూలు అన్నీ దాని మీద ఎక్కుతాయి. తీరేదాకా కదలకూడదు. మూడంతస్తుల అరబ్బు ఇంట్లోనూ, పుణె బుధవార్ పేట గదిలోనూ ఆడదాన్ని బంధించే తాడు ఒకటే, ఆమె ఎన్నడూ చేతికి తీసుకోని అప్పు.

కదిరి కూడా ఉన్న పాత అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశానికంతటికీ మొదలైంది. మొదలుపెట్టడానికి అంతకన్నా తగిన చోటు లేదు. కానీ కూలి డబ్బు వారాలూ నెలలూ ఆలస్యమైతే ఏజెంటు చేతిలో ఉన్న నగదుతో పోటీపడలేదు. నాలుగువేళ్లు నోట్లోకి పోయేది ఇవాళైతే, రేపటి కూలి చూపి ఎవరినీ ఆపలేం. రక్షించి తీసుకొచ్చిన మనిషిని హోంలో ఉంచి, కుట్టు మిషన్ నేర్పి, ఊరికి పంపుతాం. ఊళ్లో ఆ అప్పు వడ్డీతో సహా ఎదురుచూస్తుంటుంది. మళ్లీ పోయినవాళ్లను నేను చూశాను. బాకీ తీరడం కోసం ఇంకో పిల్లను తీసుకొస్తామని ఒప్పుకున్నవాళ్లనూ చూశాను. వాళ్లను ఏజెంట్లని జైల్లో పెట్టాం.

ఇక చట్టం. 1982లో సుప్రీంకోర్టు ఏషియాడ్ క్రీడల నిర్మాణ కూలీల కేసులో ఒక గొప్ప తీర్పు ఇచ్చింది. పీయూడీఆర్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసు. రాజ్యాంగం 23వ అధికరణ మనుషుల క్రయవిక్రయాలనూ వెట్టినీ నిషేధిస్తుంది. బలవంతం అంటే కొట్టడం, బెదిరించడమే కాదు, ఆకలి కూడా బలవంతమే, వేరే దారిలేక కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేసేవాడిది బలవంతపు చాకిరీయే అని జస్టిస్ భగవతి రాశారు. పేదరికాన్ని నిర్బంధంగా గుర్తించిన తీర్పు అది. 2000లో ఐక్యరాజ్యసమితి తెచ్చిన పలెర్మో ఒప్పందం కూడా అదే దారిలో, ఎదుటివారి నిస్సహాయ స్థితిని వాడుకోవడాన్ని అక్రమ రవాణా పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. 2011లో మనం దాన్ని ఆమోదించాం. 2013లో శిక్షాస్మృతి 370వ సెక్షన్ తిరగరాసినప్పుడు బెదిరింపు, బలప్రయోగం, అపహరణ, మోసం, అధికార దుర్వినియోగం, ప్రలోభం అన్నీ రాశాం. నిస్సహాయ స్థితి అన్నదాన్ని చేర్చలేదు. ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లోనూ లేదు. బాధితురాలి సమ్మతితో పనిలేదని చట్టం అంటుంది నిజమే. కానీ ఏజెంటు ఆమెను కొట్టలేదు, ఎత్తుకుపోలేదు, కొన్నిసార్లు అబద్ధం కూడా చెప్పలేదు. ఆస్పత్రి బిల్లు చూసి తలుపు తట్టాడు, అంతే. ఆ తలుపు తట్టడాన్ని నేరమనే మాట మన చట్టానికి ఇంకా చేరాలి. పార్లమెంటులో కూర్చునేవాళ్లను మనం అడగాల్సిన మొదటి సవరణ ఇదే.

సవరణ వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. శంకరన్ గారు పల్లెలకు మోసుకెళ్లిన ఆ 1976 చట్టం ఇంకా బతికే ఉంది. దాని నిర్వచనం చదవండి. అప్పిచ్చినవాడి పని తానే చేసినా, తన కుటుంబంలో ఇంకొకరి చేత చేయించినా వెట్టే. పని అప్పిచ్చినవాడి పొలంలోనే జరగాలని లేదు, అతనికి లాభం కలిగేలా ఎక్కడ జరిగినా చాలు. 6వ సెక్షన్ ప్రకారం వెట్టి బాకీ రద్దు, దాని వసూలుకు సివిల్ కోర్టులో దావా చెల్లదు. 15వ సెక్షన్ ఇంకా గొప్పది. ఇది వెట్టి బాకీ అని అప్పుపడ్డవాడు చెబితే చాలు, కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడిదే. పేదవాడి మాటను ముందుగా నమ్మే చట్టాలు మన దేశంలో బహు తక్కువ. 2016 నాటి పునరావాస పథకం కింద వెట్టి నుంచి విడుదలైన ఆడవాళ్లకు రెండు లక్షలు, అక్రమ రవాణా లాంటి దారుణాల్లో మూడు లక్షలు ఇవ్వాలి. అయితే పూర్తి సొమ్ము ముద్దాయికి శిక్షపడ్డాకే అని మెలిక పెట్టారు. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, వడ్డీ నెలనెలా పెరుగుతుంది. ఆ మెలిక తీసేయాలి.

రాయచోటి ఆమె కాగితాల్లో చూసిన నోటు మీకు గుర్తుండే ఉంటుంది. యాభై వేలు ఇచ్చినవాడు సబ్ ఏజెంటుకు బావమరిది. రెండేళ్లు పనిచేస్తే నోటు చింపేస్తామని నోటిమాటగా అనుకున్నారు. ఆమె మధ్యలో తిరిగొచ్చింది కాబట్టి అసలూ వడ్డీ కట్టాలని మొగుడి మీద దావా వేశాడు. కోర్టు దృష్టిలో అదొక మామూలు నోటు దావా. సమన్లు వచ్చినరోజు ఆమె నాకు ఫోన్ చేసి, మళ్లీ పోతే నోటు వెనక్కిస్తామంటున్నారు, పోదునా అని అడిగింది. పోవద్దని చెప్పడం నాకు సులువే, ఆ డబ్బు నేను కట్టాల్సింది కాదు కదా. అందుకే వకాల్తా వేశాను. ఆమె అక్కడ చేసిన చాకిరీకి ఇక్కడ కమీషన్ వచ్చింది ఆ కుటుంబానికే కాబట్టి ఇది వెట్టి బాకీ, దావా చెల్లదు, కాదంటే వాదే రుజువు చేసుకోవాలి అని జవాబు దాఖలు చేశాం. విడుదల పత్రం కోసం ఆర్డీవోకు అర్జీ పెట్టాం. వాయిదా వచ్చే నెలలో ఉంది. గెలుస్తామని హామీ ఇవ్వలేను. ఇలాంటి వాదన విన్న జడ్జిలు తక్కువ, చేసిన వకీళ్లు ఇంకా తక్కువ.

ఈ హాల్లో న్యాయవాదులున్నారు, రెవెన్యూ శాఖలో పనిచేసినవాళ్లున్నారు. మీ తాలూకా కోర్టుల్లో ఇలాంటి నోటు దావాలు ఇప్పుడు కూడా నడుస్తూ ఉంటాయి. ప్రతివాది ఇంటి ఆడమనిషి ఎక్కడుందో, ఆమెను పంపింది ఎవరో, నోటు మీద సాక్షులెవరో అడిగి చూడండి. జవాబులు కలిస్తే ఆ కేసు తీసుకోండి. మా జవాబు ప్రతి, ఆర్డీవోకు పెట్టిన అర్జీ ప్రతి బయట బల్ల మీద పెట్టాను. కావలసినవాళ్లు తీసుకెళ్లండి.